మీసము మీది కొంగు

కోనరావుపేట మండలములో, మూలవాగునకు కూతవేటు దూరములోనున్న మా మేనమామగారి పల్లెలో, ఎల్లమ్మ పండుగకు పట్నము వేసి, బోనములు దించి, ఊరివారందరు భోజనములు ముగించి గుడి ముందరి చింతచెట్టు క్రింద చాపలు పరచుకొనిన పిమ్మట ఆరంభమైన ఒగ్గుకథను, తొలికోడి కూయువరకు రెప్పవాల్చక కూర్చుండి నేను మొట్టమొదట వినునాటికి నాకు పదేండ్లు నిండియుండవు. కథ చెప్పిన ఒగ్గు పూజారి నలువదేండ్లు పైబడిన మనిషి. గొర్లవెంట తిరిగి తిరిగి గట్టిపడిన పిక్కలు, నొసట బండారి పసుపు, కాళ్లకు గజ్జెలు, కొనలు పైకి దువ్విన దట్టమైన మీసము. వెనుక ఇద్దరు డోలు వాయించువారు, ఒకడు తాళములవాడు. రంగాలంకరణ యనదగినది ఆయన భుజముమీది తువ్వాల తప్ప మరేమియు లేదు.

ఆ తువ్వాలయే ఆ రాత్రి నాటకమంతయు నడిపెను. తడి యిసుకతో కుండ చేసి, పామును చుట్టకుదురుగా చుట్టుకొని, దినదినము జమదగ్నికి నీళ్లు తెచ్చు రేణుక, అనగా మా ఎల్లమ్మయే, కథలోనికి వచ్చినపుడు పూజారి తువ్వాలను తలమీదుగా కప్పుకొని కొసను మునిపంట బట్టెను. అంతే, నడక మారెను, మెడ వంగెను, గొంతు సన్నబడెను. చూడరానిది చూచిన పాపమున కుండ విరిగినపుడు ఆయన రెండు అరచేతులలోని శూన్యమును చూచుకొనిన చూపు నాకు నేటికిని జ్ఞాపకమున్నది. పిమ్మట అదే తువ్వాల భుజము మీదికి జారగా ఆయనే జమదగ్ని. అదే తువ్వాల మెలిపడి పిడికిటిలోనికి రాగా ఆయనే గొడ్డలి పట్టిన పరశురాముడు. తండ్రి యాజ్ఞయైనది. కుమారుడు గొడ్డలి యెత్తెను. ఎత్తిన చేయి దిగకముందే, ఆ తువ్వాల మరల తలమీదికి పోయి, ఆ మనిషియే మెడ వంచి కూర్చుండెను. నరుకువాడును నరకబడునదియు ఒక్క దేహములోనే యున్న ఆ క్షణమున డోలు ఆగిపోయినది. చాపలమీది స్త్రీలు కొంగులు నోట గ్రుక్కుకొని యేడ్చుచుండిరి. ఆశ్చర్యమేమనగా, వెనుకవరుసలో చుట్ట కాల్చుకొనుచు నిలుచున్న మగవారును ఏడ్చుచుండిరి. పూజారి కన్నీళ్లు మీసము మీదుగా జారి తువ్వాల కొసను తడుపుచుండెను. ఆ మీసమును ఆయన దాచలేదు. దాచవలెనను తలంపే ఆయనకు పుట్టినట్లు లేదు.

పురుషుడు తన దేహమునే రంగస్థలముగా జేసి, పురుషత్వమనగా నేమియని పదిమందియెదుట ప్రశ్నించుట పాశ్చాత్యులు ఈమధ్య కనిపెట్టిన కళయని మన విద్యావంతులలో కొందరు నమ్ముచున్నారు. వారికి దృష్టాంతములు లేకపోలేదు. 1971లో కాలిఫోర్నియాలో క్రిస్ బర్డెన్ అను యువకుడు తన మిత్రునిచేత తన చేతికే తుపాకి కాల్పించుకొని దానిని కళాప్రదర్శనమని ప్రకటించెను. నొప్పికి జంకనివాడే మగవాడన్న భావమును ఆయన పరిహసించెనో, దానికే నమస్కరించెనో నిర్ణయించుట నాకు సాధ్యము కాకున్నది. 1977లో జపానుదేశమున కజువో ఓనో అను వృద్ధ నర్తకుడు, తాను యౌవనములో చూచిన యొక స్పానిష్ నర్తకిని స్మరించుచు, డెబ్బదియొకటవ యేట స్త్రీవేషము ధరించి, ముడుతలుపడిన దేహమును దాచక నర్తించెను. వీరిద్దరిలో మా ఒగ్గు పూజారికి దగ్గరివాడు రెండవవాడని వేరుగా చెప్పనక్కరలేదు.

అయితే మన తెలుగుదేశములో పురుషుడు స్త్రీవేషము ధరించుట యనగానే చదువరికి మొదట తోచునది కోనరావుపేట కాదు, కూచిపూడి. సిద్ధేంద్రయోగి పేర నిలిచిన భామాకలాపములో సత్యభామగా నటించి దేశమంతటి మన్ననలందుకొనిన వేదాంతం సత్యనారాయణశర్మగారు (1935–2012) జడను ముందుకు వేసికొని నిలుచున్న భంగిమ యెరిగినవారికి, అది పురుషదేహమన్న స్మృతియే కొంతసేపు తొలగిపోవుచుండెను. అంతకు ముందుతరములో, బాపట్లలో పుట్టిన స్థానం నరసింహారావుగారు (1902–1971) రంగస్థలముపై చీర కట్టిన తీరు చూచి గృహిణులు కట్టు నేర్చుకొనిరని పెద్దలు చెప్పుదురు. ప్రభుత్వము 1956లో ఆయనకు పద్మశ్రీ యిచ్చి గౌరవించినది. వీరి విద్య మరపించు విద్య. నటుడు ఎంత పూర్తిగా మాయమైన అంత గొప్ప. ప్రేక్షకుడు ఇంటికి పోవునపుడు "ఆమె మగవాడట!" యని విస్మయపడును, ఆ విస్మయములో కళాకారునికి జయము కలదు గాని, పురుషత్వమునకు కలిగిన కష్టమేమియు లేదు. వేషము తీసినతోడనే అది యెక్కడిదక్కడ భద్రముగా నుండును.

ఇంకొక మాట కూడ చెప్పవలసియున్నది. కూచిపూడి అగ్రహారములో స్త్రీవేషము ఒక వంశహక్కు. ఆ వంశములలో పుట్టిన మగపిల్లవాడు జీవితములో ఒక్కసారియైనను సత్యభామ కావలెనను నియమము ఆ ఊరివారి సంప్రదాయము. అక్కడి స్త్రీవేషమునే పరిశోధించి హర్షిత మృత్యింటి కామత్ 2019లో ప్రకటించిన గ్రంథము, ఆ వేషము పురుషాధికారమును సడలించుటకంటె అగ్రహార పురుషుని ప్రతిష్ఠను నిర్మించుటకే యెక్కువ తోడ్పడినదని చూపినది. నాకది సబబుగానే తోచుచున్నది. ఏలయనగా, ఆ మగవారి సత్యభామకు సభలలో శాలువలు కప్పబడుచున్న శతాబ్దములోనే, అదే సత్యభామను తరతరములుగా ఆడిన కలావంతుల స్త్రీలకు గుడులును మేజువాణీలును మూతపడి, 1947లో మద్రాసు ప్రభుత్వము చేసిన శాసనముతో గుడులలోని వారి నాట్యము నేరముల జాబితాలోనికి చేరినది. ఆడుదాని అభినయము మగవానియందు కళ, ఆడుదానియందు అపవాదు! స్త్రీవేషమును చూచి మనము పురుషత్వము ప్రశ్నింపబడినదని చప్పట్లు కొట్టుటకు ముందు, ఆ వేదికమీదినుండి ఎవరిని దింపి ఆ చోటు ఖాళీ చేయించిరో ఒక్కసారి విచారించుట న్యాయము.

ఈ సందర్భమున ఒక చిన్న ముచ్చట జ్ఞాపకము వచ్చుచున్నది. నందమూరి తారకరామారావుగారు బెజవాడ కళాశాలలో చదువుకొను దినములలో, తెలుగు అధ్యాపకులైన విశ్వనాథ సత్యనారాయణగారు ఒక నాటకములో ఆయనకు నాగమ్మ పాత్ర నిచ్చిరి. పాత్రకు ఒప్పుకొనెను గాని మీసము తీయుటకు మాత్రము ఆ యువకుడు ఒప్పుకొనలేదు. మీసముతోనే రంగమెక్కి "మీసాల నాగమ్మ" యను బిరుదు సంపాదించెను. దీనిని మనము ఇప్పటికిని నవ్వుతాలు కథగా చెప్పుకొనుచున్నాము. మా మూలవాగు ఒడ్డున ఇది నవ్వు పుట్టించు కథ కాకపోవును. ఎల్లమ్మకు మీసమున్నచో నేమి, కథ నడువదా యని అడిగెడివారు. అదే తారకరామారావుగారు 1963లో నర్తనశాల చిత్రములో బృహన్నలగా కనిపించినపుడు మీసము లేదు, గాజులున్నవి, నాట్యమున్నది. ఆంధ్రదేశమునకు వీరపురుషుడై నిలువబోవు నటుడు ఆ గాజులకు సిగ్గుపడలేదు.

బృహన్నల పేరు వచ్చినది గనుక వేములవాడను తలపక ముందుకు సాగుట కష్టము. కోనరావుపేటనుండి గడియప్రయాణములో నున్న ఆ రాజన్న క్షేత్రము పదవ శతాబ్దమున చాళుక్యుల రాజధాని. అక్కడి రెండవ అరికేసరి ఆస్థానమున కన్నడ ఆదికవి పంపడు భారతకథను వ్రాయుచు, తన ప్రభువునే అర్జునునిగా భావించి కావ్యము నడపెను. పంపని తమ్ముడు జినవల్లభుడు చెక్కించిన శాసనములోని తెలుగు కందపద్యములు నేటికిని కుర్క్యాల బొమ్మలగుట్టమీద నున్నవి. రాజును అర్జునునితో పోల్చుట స్తుతియే. కాని ఆ అర్జునుడు ఏడాదికాలము గాజులు తొడుగుకొని, విరటుని అంతఃపురములో ఆడపిల్లలకు ఆట నేర్పుచు బ్రతికినవాడన్న సంగతి ఆ పోలికనుండి విడదీయరాదు గదా. మన పూర్వులకు ఇది లోపముగా తోచలేదు. నన్నయ విడిచిపోయిన భారతమునెత్తుకొనిన తిక్కన కలము పట్టినదే విరాటపర్వముతో: తెలుగు భారతపు రెండవ జన్మ, వేషము మార్చుకొనిన మగవారి కథతోనే మొదలైనది. వంటవాడైన భీముడు, కంకుభట్టైన ధర్మరాజు, పేడియైన అర్జునుడు! ఆపద వచ్చినపుడు మనిషి దాగుకొనుటకు తన దేహముకంటె మారుమూల చోటు లేదని ఆ పర్వము చెప్పుచున్నట్లుండును.

వేములవాడలో శ్రీరామనవమినాడు సీతారాముల కల్యాణము జరుగుచుండగా ఆలయ ప్రాంగణమంతయు శివపార్వతులనబడు భక్తులతో నిండిపోవును. చేత త్రిశూలము, నొసట బండారి, తలపై జీలకర్ర బెల్లము; వారిలో జోగినులు, హిజ్రాలు, చీర కట్టిన మగవారు, మామూలు గృహస్థులు కూడ నుందురు. వేదికపై తలంబ్రాలు పడు ముహూర్తముననే వారును ఒకరిపై నొకరు తలంబ్రాలు చల్లుకొని తాము శివుని పెండ్లాడితిమని యెంచుకొందురు. రాముని పెండ్లినాడు శివుని పెండ్లికూతుండ్రగుట వింతయే. ఈ ఆచారమునకు ఒక చీకటి ప్రక్క కలదు. చిన్నపిల్లలను దేవునికి విడిచిన జోగినీ దురాచారపు నీడ దానిమీద పడియున్నది, 1988లో శాసనము వచ్చిన తరువాత కూడ ఆ నీడ పూర్తిగా తొలగినదని నేననజాలను. కాని ఆ దినమున బుర్రమీసముల రైతు ఒకడు చీరకొంగు సవరించుకొనుచు క్యూలో నిలుచుండగా, వాని ప్రక్కనున్న కుటుంబములు పిల్లలను ఎత్తుకొని వానిచేత బండారి పెట్టించుకొనుట నేను చూచితిని. వాడు మగవాడా కాడా యని ఎవ్వరును అడుగలేదు. మరునాడు వాడే పొలములో నాగలి పట్టినను ఎవ్వరును అడుగబోరు.

ఇక పేరిణి మాట. నటరాజ రామకృష్ణగారు (1923–2011) జాయపసేనాని 13వ శతాబ్దపు నృత్తరత్నావళిని చదివి, పాలంపేట రామప్పగుడి శిల్పములను నలువంకల పరిశీలించి పునర్నిర్మించిన ఆ నృత్తము, మగవాని పాదముల పిడుగుచప్పుడుతో మనలను వేదికముందు నిలువబెట్టును. ఆ కృషికి నమస్కారము. ప్రభుత్వ ప్రచారములో మాత్రము పేరిణి యనగా యుద్ధమునకు బోవు కాకతీయ సైనికుడే; కండలు, శంఖము, జయజయధ్వానము. శాస్త్రకారులు పేరిణికి చెప్పిన యైదంగములలో హాస్యముగొలుపు అనుకరణ కూడ నొకటియన్న విషయమును ఆ ప్రచారకులు పలుకరు. తన గాంభీర్యమును తానే వెక్కిరించుకొనుటకు చోటుంచని వీరత్వము మన లాక్షణికులకు కూడ పూర్ణమని తోచినట్లు లేదు. రామకృష్ణగారి శిష్యులలో కళాకృష్ణగారు పేరిణి ఆడిన పాదములతోనే నవజనార్దనమను ప్రదర్శనములో సత్యభామయై నిలిచిరి. గురువు ఆ రెంటిని వేర్వేరు మనుష్యులకు పంచియీయక ఒక్క దేహమునకే నేర్పుట, ఆయన వ్రాసిన పుస్తకములన్నిటికంటె బలమైన వ్యాఖ్యగా నాకు కనబడుచున్నది.

నా అసలు ఫిర్యాదునకు ఇప్పుడు వచ్చుచున్నాను.

ఒగ్గువారి విద్యకు రెండు చేతులు: ఒకటి డోలు, రెండవది కథ. డోలు బలప్రదర్శనము. ఇరువదిమంది యువకులు పసుపు రాసికొని, డోలులు నడుమున కట్టి, ఒకరి భుజములమీద నొకరెక్కి, పైనున్నవాడు డోలు వాయించుచుండగా క్రిందనున్నవాడు కదలక నిలుచుట చూచినచో ఒడలు పులకరించును. కథ దానికి మారుమొగము. ఆ యువకులలోనే యొకడు పెద్దవాడై, గొంతు పండి, తువ్వాల తలమీద కప్పుకొని తల్లిచావు ఏడ్చును. ఈ రెండును కలిసియున్నంతకాలము ఆ విద్య నిండుగా నుండెను. చుక్క సత్తయ్య (2017లో దివంగతుడు), మన వేములవాడ ప్రక్కనే హన్మాజీపేటలో పుట్టిన మిద్దె రాములు (2010లో దివంగతుడు) వంటి మహాకథకులు రాత్రులకు రాత్రులు జనమును కదలనీయక కూర్చుండబెట్టినది డోలు దెబ్బలతో మాత్రమే కాదు. సి. నారాయణరెడ్డిగారి స్వగ్రామము కూడ ఆ హన్మాజీపేటయే. బాల్యములో ఊరి కథలు విన్న చెవులే ఆయనను కవిని జేసినవని ఆయన ముఖతః విన్నవారు కలరు.

నేడు మంత్రిగారు వచ్చినను, వినాయకుడు పోయినను, కొత్త దుకాణము తెరచినను పిలువబడుచున్నది డోలు మాత్రమే. కథకు పిలుపు తగ్గినది. ఇరువది నిమిషములలో ముగియునది, సెల్‌ఫోనులో బాగుగా పడునది, ఊరేగింపుతో నడువగలుగునది కావలెను. బోనాల పోతరాజు గతియు నదియే: అక్కయైన అమ్మవారికి ముందు నడచి దారి చూపు తమ్ముడు, కొరడాతో తన్ను తాను కొట్టుకొను సేవకుడు, నేడు నగరములో వ్యాయామశాలలో పెంచిన కండలతో, తన బొమ్మలున్న ఫ్లెక్సీల నడుమ నడుచుచున్నాడు. దేవతకు లొంగిన దేహము చూపరులకు లొంగినది. కండను నేను తప్పు పట్టుటలేదు. కండకు తోడుండిన కన్నీరు వేదిక దిగిపోవుచున్నదని నా బాధ. మగవాని దేహమును ప్రశ్నించిన సగమును విడిచి, దానిని పొగడు సగమునే సంస్కృతి యని మనము బిల్లు చెల్లించుచున్నాము.

ఇది ఈ ప్రాంతమున మరింత నష్టము. సిరిసిల్ల మరమగ్గము ముందర పండ్రెండు గంటలు నిలుచువాడు, భివండి పోయినవాడు, జగిత్యాల కోరుట్లలనుండి దుబాయి మస్కటులకు పోయి ఇసుకలో పని చేయువాడు, వీరందరును ఇంటికి పంపు రూపాయలతో తమ మగతనము లెక్కింపబడుటకు అలవాటుపడినవారు. అప్పు తీరలేదని భార్యతో చెప్పుటకు సిగ్గు. మేస్త్రి తిట్టెనని తల్లితో చెప్పుటకు సిగ్గు. ఆ సిగ్గు ఎందరిని ఏ దూలము క్రిందికి నడిపించినదో సిరిసిల్ల నేతవాడల వారికి నేను చెప్పనవసరము లేదు. మా మేనమామ కుమారుడు ఎనిమిదేండ్లు గల్ఫులో నుండి తిరిగివచ్చి, ఎవరితోను నాలుగు మాటలు పలుకక తిరుగుచుండినవాడు, ఒకనాటి ఎల్లమ్మ కథలో కుండ విరిగిన ఘట్టమున గొంగడి ముసుగు తన్నుకొని వెక్కి వెక్కి యేడ్చుట నేను ప్రక్కనుండి వింటిని. పలుకరింపక యూరకుంటిని. నలుగురి నడుమ, చీకటిలో, మీసమున్న మరొక మగవాడు ఏడ్చుచుండగా తోడు ఏడ్చుటలో తలవంపులు లేవు. ఆ సదుపాయమును ఏ ఆసుపత్రియు ఏ పథకమును ఇంతవరకు వానికి చేయలేకపోయినవి.

కావున కథకు కాలము నిచ్చి పిలువుడని సభలు జరుపు పెద్దలకు నా విన్నపము. డోలు బృందమునకు ఇచ్చు సంభావనలో సగమైనను ఒక పూర్తి రాత్రి కథకు ఈయుడు. పాఠశాల వార్షికోత్సవములలో మగపిల్లలచేత పోతరాజు వేషము వేయించుచున్నట్లే, రేణుకను కూడ ఆడింపుడు. నవ్వువారు మొదటి సంవత్సరము నవ్వుదురు.

మొన్న ఒక పట్టణములో ఊరేగింపు చూచుచుండగా, డోలుల యువకుల వెనుక వచ్చుచున్న వ్యానులో ఒక ముసలి ఒగ్గు పూజారి తువ్వాలతో చెమట తుడుచుకొనుచు కూర్చుండి కనబడెను. కథ చెప్పరాదా యని అడిగితిని. ఆయన నవ్వి, "ఇరువై నిమిషాలల్ల ఎల్లమ్మ ఎట్ల సస్తది, మళ్ల ఎట్ల లేస్తది సారూ?" అనెను. వ్యాను కదలినది. వచ్చే మంగళవారము నిమ్మపల్లి దిక్కున కథ యున్నదని, రాదలచినచో రమ్మని, వాగు గాలికి చలి యెక్కువ గనుక గొంగడి తెచ్చుకొమ్మని కేకవేసి చెప్పెను.